వెయ్యి చుట్ల కడియం

సాయంత్రం అజీముద్దీన్‌ను కోర్టులో హాజరుపరుస్తారు. ఆయన చుట్టిన మోటరు ఓ రైతును చంపలేదని అంతలోపల నేను తేల్చాలి. తేల్చలేకపోతే అరవై దాటిన ఆ మనిషి జైలుకు పోతాడు, ఎల్లారెడ్డిలో మోటర్లకు రాగితీగ చుట్టే ఆయన వైండింగ్ దుకాణానికి తాళం పడుతుంది. నా దగ్గరున్న సరంజామా చెడిపోయిన ఆంప్లిఫయరు ఒకటి, సన్నటి రాగితీగ చుట్ట ఒకటి, మల్టీమీటరు ఒకటి.

నా పేరు అనిల. కామారెడ్డిలో డిటెక్టివ్‌ను. పెళ్లి సంబంధాల వాకబు, గల్ఫ్ ఏజెంట్ల ఆచూకీ, అప్పుడప్పుడూ ఓ దొంగ సంతకం, ఇవీ నా కేసులు. కరెంటు సంగతికొస్తే ఫ్యూజు పోయినప్పుడు లైన్‌మన్‌కు ఫోన్ చేయడం వరకే నా జ్ఞానం. అయినా ఒప్పుకున్నానంటే అజీముద్దీన్ కూతురు సైమా కోసమే. నిన్న మా ఆఫీసుకొచ్చిన ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. నాన్న పనిలో తప్పుంటే తానే ఒప్పుకుంటానని, లేకుంటే మాత్రం ఊరుకోనని చెప్పింది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి నాన్నతో సమానంగా మోటర్లు చుడుతోంది. ఆ మాటతీరు నాకు నచ్చింది.

జరిగింది ఇదీ. లింగంపేట దగ్గరి తండాలో రెడ్యా అనే రైతు పోయిన వారం పొద్దున్నే తన బోరు దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. ఆ బోరు మోటరును కొద్దిరోజుల ముందే అజీముద్దీన్ కొత్తగా చుట్టి ఇచ్చాడు. పక్క చేను ఆసామి లక్ష్మీరాజం పెద్దమనసు చేసుకుని, రెడ్యా భార్య కేస్లి తరఫున ఫిర్యాదు రాయించాడు. అంతటితో ఆగకుండా కామారెడ్డి నుంచి సిద్దార్థను పిలిపించాడు. సిద్దార్థ కూడా నాలాంటి డిటెక్టివే, కాకపోతే నాకంటే పెద్ద బోర్డు, పెద్ద కారు. మోటరుకు పోయే మూడు తీగల్లో కరెంటు కొలిచి, మూడూ సమానంగా లేవు కాబట్టి వైండింగ్ పాడైందని, కరెంటు లీకై మనిషి పోయాడని అతను రిపోర్టు ఇచ్చాడు. దాంతో ఎస్సై నిన్న అజీముద్దీన్‌ను లోపలేశాడు.

దుకాణంలో ఉన్న టాంగ్ టెస్టరును కూడా పోలీసులు పట్టుకుపోయారు. తీగను తెంపకుండా, దాని చుట్టూ పట్టుకారులా పట్టి కరెంటు ఎంతో చెప్పే మీటరు అది. పక్క దుకాణాల్లో అడిగి చూశాం. పోలీసు కేసు అనేసరికి ఎల్లారెడ్డిలో ఉన్న టెస్టర్లన్నీ ఒక్కరోజే పాడైపోయాయి. సైమా, ఆ టెస్టరు లోపల ఉండేదేదో మనమే చుట్టుకుందామంది. దాని అసలు పేరు కరెంట్ ట్రాన్స్‌ఫార్మరట.

ఆంప్లిఫయరు పెళ్లిళ్లకు సౌండ్ పెట్టే నగేశ్ అనే అతను దుకాణంలో వదిలేసి పోయింది. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మరు గుండ్రంగా లావుపాటి కడియంలా ఉంది. ఉన్న రాగినంతా విప్పేసి, మిగిలిన ఇనుప కడియానికి నూలు టేపు చుట్టాం. దానిమీద సన్నటి తీగ వెయ్యి చుట్లు చుట్టాలి. మోటరు కాయిల్‌లా మిషన్ మీద గిరగిరా తిప్పేందుకు లేదు, ప్రతి చుట్టుకూ తీగను నడిమి బొక్కలోంచి దూర్చి లాగాలి. అందుకని తీగను ముందు ఒక వెదురు పుల్లకు నింపుకుని, ఆ పుల్లను అటూ ఇటూ దూరుస్తూ కూర్చున్నాం. వంద చుట్లయితే ఒక చింతగింజ పక్కకు జరపడం సైమా లెక్క. మూడు గింజలు జరిగేసరికి నా వేళ్లు నావి కాకుండా పోయాయి, మిగతాదంతా సైమాయే చుట్టింది.

చుట్టడం అయ్యాక నేను మీటరు అందుకోబోతే నా చేయి పట్టుకుని ఆపింది. ముందు చుట్ట రెండు చివర్ల మధ్య రెసిస్టరు అతికించాలట. అది లేకుండా చివర్లు ఖాళీగా వదిలేసి మెయిన్ తీగలో కరెంటు పంపితే, ఆ చివర్ల దగ్గర మనిషిని ఎగరేసే వోల్టేజి పుడుతుందట. రెసిస్టరు ఉంటే ఏ బాధా లేదు. కడియంలోంచి పోయే తీగలో ఒక ఆంపియరు పారితే మీటరు వంద మిల్లీవోల్టులు చూపించాలి. అదీ తను వేసిన లెక్క.

లెక్క సరే, నిజంగా చూపిస్తుందా? దుకాణంలో నీళ్లు కాచుకునే వెయ్యి వాట్ల హీటరు ఉంది. దాని వైరును నేనే కడియంలోంచి దూర్చి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. మీటరు సున్నా దగ్గరే కూర్చుంది. నీళ్లు మాత్రం కాగుతున్నాయి. పొద్దుటి నుంచి పడిన పాటంతా గంగలో కలిసిందనుకున్నాను. సైమా నన్ను, హీటరును మార్చి మార్చి చూసి, ఆ రోజుకు మొదటిసారి నవ్వింది.

“అక్కా, వైరు మొత్తం దూర్చినవ్. అండ్ల రెండు తీగలుంటయి. పొయ్యే కరెంటు, మర్లి వచ్చే కరెంటు సమానమే గద. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. ఒక్క తీగనే పెట్టాలె.”

పప్పులో కాలేశానన్నమాట. వైరు పైతోలు చీల్చి ఒక్క తీగనే కడియంలోంచి పోనిచ్చాం. మీటరు నాలుగు వందలు దాటి నిలబడింది. అంటే నాలుగు ఆంపియర్లకు కొంచెం ఎక్కువ, హీటరు తీసుకునేది సరిగ్గా అంతే. తర్వాత సైమా వంద వాట్ల బల్బు తీగను కడియంలోంచి పదిసార్లు తిప్పి చూసింది. పది బల్బులు వెలిగినంత చూపించింది. కడియం నిజం చెబుతోంది.

కాని నా బుర్ర నా తప్పు దగ్గరే ఆగిపోయింది. పోయేదీ వచ్చేదీ సమానమైతే సున్నా. మరి పోయిన దాంట్లో కొంత వెనక్కి రాకుండా భూమిలోకి దిగిపోతే? ఆ మాటే అడిగాను. సైమా హీటరు వైరును మళ్లీ మొత్తంగా దూర్చి, బల్బుకు ఒక కొస హీటరు ఫేజుకు, రెండో కొస దుకాణం వెనకాల ఎర్తింగ్ పైపుకు కలిపింది. బల్బు వెలిగింది. సున్నా మీదున్న మీటరు నలభై దాటింది. హీటరు తీసుకునేదంతా కొట్టేసుకుపోయి, భూమిలోకి దొంగతనంగా పోయిందొక్కటే బయటపడింది.

సిద్దార్థ రిపోర్టు ఎక్కడ తప్పో అప్పుడు అర్థమైంది. మోటరుకు పోయే మూడు తీగల్లో కరెంటు సమానంగా ఉండకపోవచ్చు, లైన్‌లో వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉన్నా అంతే. దాన్నిబట్టి లీకు ఉందని చెప్పలేం. మూడు తీగలనూ కలిపి కడియంలో పెట్టాలి. వైండింగ్ మంచిదైతే సున్నా వస్తుంది, మనిషిని చంపేంత లీకుంటే దాచినా దాగదు.

ఎస్సైకి ఫోన్ చేసి చెవిలో జోరీగలా పోరితే, కానిస్టేబుల్ సమక్షంలో చూసుకోమన్నాడు. రెడ్యా స్టార్టరు డబ్బాకు, సిద్దార్థ కొలిచాక పోలీసులు వేసిన సీలు ఎలాగూ ఈరోజు తీసేస్తారట.

మేం వెళ్లేసరికి కానిస్టేబుల్ సిద్దిరాములు సీలు విప్పుతున్నాడు. పక్కన కేస్లి నిలబడి ఉంది, నలభై ఏళ్లుంటాయేమో, ముఖంలో రక్తం లేదు. లక్ష్మీరాజం తెల్ల చొక్కాతో గట్టు మీద నిలబడి అందరికీ మజ్జిగ ఇప్పిస్తున్నాడు. సిద్దార్థ నన్ను చూసి నమస్కారం పెట్టాడు కాని, సైమా చేతిలో కడియాన్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

నేను ముందు చోటు చూశాను. నేలలో నిలువుగా పాతిన ఒక రాతి కడీకి స్టార్టరు డబ్బా. డబ్బా నుంచి ఒక తీగ దిగి, పక్కనే నేలలో దిగ్గొట్టిన ఇనుప పైపుకు చుట్టి ఉంది. అది ఎర్తింగ్, లీకైన కరెంటును భూమిలోకి దించేది. పైపు చుట్టూ గుంట, గుంటలో ఉప్పు, బొగ్గు. ఎండలకు నేల ఎండితే ఎర్తింగ్ పని చేయదని, ఈ పక్క రైతులు రోజూ ఆ గుంటలో ఒక బిందె నీళ్లు పోశాకే మోటరు పెడతారు. ఇంట్లో పొయ్యి వెలిగించే ముందు బూడిద తీసినట్టు, అదొక అలవాటు. రెడ్యా పడి ఉన్నది ఆ గుంట పక్కనే. స్టీలు బిందె ఇంకా అక్కడే దొర్లి ఉంది.

లక్ష్మీరాజాన్ని అడిగితే పోలీసులకు చెప్పిందే చెప్పాడు. కేక వినబడి పరుగెత్తుకొచ్చాడు. రెడ్యా మోటరు నడుస్తోంది. కట్టె పుల్లతో తానే స్టార్టరు ఆపేశాడు. అప్పటికే మనిషి పోయాడు. మోటరు నడుస్తున్నట్టు ఎలా తెలిసిందంటే, డబ్బా గుయ్యిమంటుంటే తెలియదా అన్నాడు. బోరు నుంచి నీళ్లు పడుతున్నాయా అంటే, అంత గాబరాలో చూడలేదన్నాడు. తర్వాత కేస్లిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. ఆమె వచ్చేసరికి బోరు నుంచి పోయే కాలువ తడిగా ఉందా?

“లేదమ్మా. కాలువ ఎండే ఉండె. గుంట కాడ మాత్రమే తడి. ముందుగాల నీళ్లు పోసినంకనే స్టార్టరు వత్తుతరు, ఎప్పటికి గంతే.”

కాలువ పొడిగా ఉందంటే మోటరు నడవలేదు. నడవని మోటరు లీకయ్యేదెలా? ఆ మాట పైకే అన్నాను. లక్ష్మీరాజం కేస్లి వైపు జాలిగా చూసి, మొగుడు పోయిన దుఃఖంలో ఆమెకు ఏం గుర్తుంటుందని నెమ్మదిగా అన్నాడు. సిద్దార్థ అందుకున్నాడు. కళ్లతో చూసిన మనిషి సాక్ష్యం ఒకవైపు, కాలువ తడి కథ ఒకవైపు, కోర్టు దేన్ని నమ్ముతుందో నాకు తెలియంది కాదన్నాడు. అందుకే కదా కొలవడానికి వచ్చానన్నాను.

“అనిలగారూ, లక్షల ఖరీదు కేసుకు తుక్కులో దొరికిన రింగు పట్టుకొచ్చారా?” అన్నాడు సిద్దార్థ. “నా మీటరుకు సర్టిఫికెట్ ఉంది. దీనికేముంది?”

“దీనికి సిగ్గు లేదు,” అన్నాను. “ఎవరి తీగకు పెట్టినా ఉన్నదే చెబుతుంది. మీ మీటరుతోనైనా మూడు తీగలూ కలిపి ఒక్కసారి పట్టి చూశారా?”

చూడలేదని అతని ముఖమే చెప్పింది. ఇప్పుడు చూడమంటే, నా మాట మీద తన రిపోర్టును తానే తిరగేసుకునేంత అమాయకుడిని కానన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది కాని మింగాను. సైమా అప్పటికే చేలకు కరెంటు వచ్చే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర లైన్ బందు పెట్టించి, రెడ్యా మోటరు మూడు తీగలనూ కడియంలోంచి దూర్చి మళ్లీ బిగించేసింది. లైన్ ఇచ్చాక సిద్దిరాములు పుల్లతో స్టార్టరు నొక్కాడు. మోటరు అందుకుంది, కాసేపటికి బోరు నుంచి నీళ్లు దూకాయి. మీటరు ఒకటి, రెండు మిల్లీవోల్టుల మధ్య ఊగి అక్కడే ఆగిపోయింది. లీకు లేదు. సైమా మీటరును నా వైపు తిప్పి చూపించింది. వాళ్ల నాన్న పని శుభ్రంగా ఉంది.

సిద్దార్థ తెలివితక్కువవాడు కాదు. రింగు పని చేయకపోయినా సున్నానే వస్తుంది కదా అన్నాడు. న్యాయమైన మాట, నేను కాదనలేదు. ఇంకో మోటరు మీద పెట్టి చూద్దామన్నాను. పక్కనే లక్ష్మీరాజం బోరుంది.

ఆ చేనును వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. యాసంగి పంటగా వేసిన మక్కజొన్న, కంకి పాలు పోసుకునే దశ. ఆకులన్నీ సురుక్కుని గొట్టాల్లా చుట్టుకుపోయాయి. రోజులుగా ఆ చేనుకు నీళ్లు లేవు. ఊళ్లో అందరికంటే బాగా పోసే బోరట అది. దాని యజమాని ఇక్కడ నిలబడి మజ్జిగ పంచుతున్నాడు.

లక్ష్మీరాజం తన మోటరు కాలిపోయిందన్నాడు. ఎప్పుడంటే, ఓ వారం. సైమా మెల్లగా అడిగింది, కాలితే పైకి తీయించలేదేమని. ఆయన వినబడనట్టు ఊరుకున్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ మౌనం నాకంటే ముందు సిద్దార్థకు గుచ్చుకుంది. అతను బీబీపేట రైతు కొడుకు. కంకి పాలు పోసుకునే వేళ మోటరు కాలితే తెల్లారేసరికి బయటికి లాగి వైండింగ్‌కు పంపనివాడు ఈ జిల్లాలో ఉండడని అతనికీ తెలుసు.

“కాలిన మోటరైతే నడవది గద పటేలా,” అన్నాడు సిద్దార్థ, తొలిసారి మా యాసలోకి దిగి. “ఒక్కసారి వత్తి చూద్దం. పొయ్యేదేముంది?”

లక్ష్మీరాజం అడ్డొచ్చేలోపు సిద్దిరాములు గట్టు దిగాడు. మళ్లీ లైన్ బందు పెట్టించి, లక్ష్మీరాజం స్టార్టరుకు వచ్చే మూడు తీగలనూ సైమా కడియంలోకి ఎక్కించింది. లైన్ వచ్చాక సిద్దిరాములు పుల్లతో నొక్కాడు. కాలిపోయిన మోటరు పిల్లిలా గురక పెడుతూ అందుకుంది. బోరు మూతి నుంచి లావుపాటి ధార పడింది. మీటరు సున్నా నుంచి లేచి రెండు వందలకు ఎక్కి కూర్చుంది.

రెండు ఆంపియర్లు. పోయిన కరెంటులో రెండు ఆంపియర్లు వెనక్కి రావడం లేదు, ఎక్కడో భూమిలోకి దిగుతున్నాయి. సిద్దార్థ వంగి చూశాడు, నిటారుగా లేచాడు. తన సర్టిఫికెట్ మీటరు తీసి అవే మూడు తీగలకు కలిపి పట్టాడు. దాంట్లోనూ రెండే.

అప్పుడు కేస్లి ఎక్కడుందో చూశాను. దొర్లి ఉన్న బిందెను ఎత్తి పెడదామనుకుందో ఏమో, రెడ్యా ఎర్తింగ్ పైపు వైపు నడుస్తోంది. పరుగెత్తి ఆమె భుజం పట్టి వెనక్కి లాగాను. సైమా ఒక చెక్క మీద నిలబడి, టెస్టరు స్క్రూడ్రైవరు మొనను ఆ పైపుకు ఆనించింది. టెస్టరు వెలిగింది. లక్ష్మీరాజం మోటరును ఆపమన్నాను, టెస్టరు ఆరిపోయింది. మళ్లీ పెట్టమన్నాను, వెలిగింది. గట్టుకు అవతలి మోటరు నడిస్తే ఇవతలి రెడ్యా పైపులోకి కరెంటు వస్తోంది.

మోటరు ఆపి, లైన్ బందు పెట్టించాక లక్ష్మీరాజం డబ్బాను సిద్దార్థే విప్పాడు. మోటరుకు పోవాల్సినవి మూడు తీగలు. డబ్బాలోంచి దిగినవి నాలుగు. నాలుగోది ప్లాస్టిక్ గొట్టంలో నేలకు దిగి, గట్టు కింద గడ్డి వేళ్లలోంచి రెడ్యా పైపు వైపు పోయింది. సిద్దిరాములు పారతో రెండు చోట్ల తవ్వి చూశాడు, రెండు చోట్లా ఆ తీగే.

లక్ష్మీరాజం ఆలోచన చక్కగానే చేశాడు. వ్యవసాయం కనెక్షన్లకు మీటర్లు లేవు, ఎంత కరెంటు ఎటు పోయిందని అడిగేవాడు లేడు. తన మోటరు నడిచినంత సేపే ఆ పైపు చంపుతుంది, ఆపేస్తే అమాయకంగా ఉంటుంది. ఎర్తింగ్ గుంటలో నీళ్లు పోసే అలవాటు తెలిసినవాడు చేయగలిగిన పని. పొద్దున్నే తన మోటరు పెట్టుకుని చేలో నిలబడితే చాలు. మనిషి పడ్డాక ఆపేసి, అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి, ఆ పూట నడవని మోటరు నడిచిందని చెప్పాడు. పోలీసులు తిరుగుతున్నన్నాళ్లూ తీగ తవ్వే వీలు లేక, మోటరు పెట్టే ధైర్యం లేక, కంకి మీదున్న చేనును ఎండబెట్టుకున్నాడు.

సైమా లాయరుకు ఫోన్ చేస్తోంది. తన అబ్బాను విడిపించేందుకు ఇది సరిపోతుందా అని అడుగుతోంది. సిద్దార్థ నా పక్కకు వచ్చి, తన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు ఇప్పుడే ఎస్సైకి చెబుతానన్నాడు. ఒకటే అర్థం కావడం లేదన్నాడు. రెడ్యాతో లక్ష్మీరాజానికి తగాదా ఏమీ లేదు, ఇద్దరూ కలిసి లింగంపేట సంతకు పోయేవాళ్లట. చంపేంత పగ ఎందుకు?

నాకూ తెలియదు. అందుకే కేస్లిని అడిగాను, ఈ చేనెవరి పేరు మీదుందని. తన తల్లిగారింటివాళ్లిచ్చింది, తన పేరు మీదే ఉందంది. బోరున్న ఈ మడి అమ్మమని పటేలు రెండేళ్లుగా అడుగుతుంటే, మొగుడు అమ్ముదామని ఊగినా తాను ఒప్పుకోలేదట. మాట్లాడుతూనే ఆమె ఆ నాలుగో తీగ వైపు చూస్తోంది. చూపు తీగ వెంబడే గట్టు దాటి, గుంట దాకా వచ్చి ఆగింది.

“ఈ గుంటల నీళ్లు పోసేది నేనమ్మా,” అంది. “పెండ్లయి వచ్చిన కాన్నుంచి నేనే. ఆ పొద్దు నాకు జరమొచ్చె. పండుకో అని ఆయన బిందె వట్టుకొని పోయిండు.”

కేస్లి లక్ష్మీరాజం వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

“పటేలా, రేపు సీలు తీస్తరు, ఎల్లుండి పొద్దుగాల గుంటల నీళ్లు పోసి మోటరు పెట్టుకో అని నిన్న మా ఇంటికొచ్చి ఎందుకు చెప్పినవ్?”

లక్ష్మీరాజం ఆమె ముఖంలోకి చూడలేదు. అతని చూపు గట్టు చివర ఆపిన తన మోటార్‌సైకిల్ మీదుంది. సిద్దిరాములు పార కింద పెట్టి, నడుచుకుంటూ వెళ్లి ఆ బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు.